బెట్టకు నిలుచు గింజ



రాయలసీమలో వాన లేదని పలుకుట పరిపాటి యైనది. ఆ మాట పూర్తిగా నిజము కాదు. కర్నూలు ప్రాంతమున సంవత్సరమునకు సగటున 670 మిల్లీమీటర్ల వాన కురియును. కడప ప్రాంతమున 700 మిల్లీమీటర్ల దాపున కురియును. ఎల్లకాలము తుంపరలతో తడిసియుండునని పేరుపడిన లండను నగరమున కురియునది 600 మిల్లీమీటర్లకు అటునిటుగనే. అయినను అచట గడ్డి పచ్చగా నుండును, కోవెలకుంట్ల చేలలో జొన్న వాడిపోవును. భేదము వాన మొత్తములో లేదు. ఎండ తీవ్రత యొకటి, వాన వచ్చు వేళ యొకటి. నైరృతి ఋతుపవనము పడమటి కనుమలు దాటి వచ్చుసరికి నీరసించును. తూర్పు సముద్రమునుండి వచ్చు తిరుగు ఋతుపవనము కొండల కావలనే చాలభాగము దింపుకొని వచ్చును. ఈ రెండింటి మిగులే ఈ సీమ పాలు. ఆ మిగులైనను వరుసగా రాదు. మృగశిరలో ఒక పదును కురిసి, పిమ్మట నెలదినములు ఆకాశము తోమిన పళ్ళెమువలె నుండుటయు, పుబ్బ ఉత్తర కార్తెలలో ఒక్క రాత్రికే వాగులు పొంగుటయు సేద్యగాండ్రకు క్రొత్త సంగతులు కావు.

కావున "బెట్టకు నిలుచు విత్తనము" అని యెవరేని చెప్పినప్పుడు మొట్టమొదట అడుగదగిన ప్రశ్న యొకటి కలదు: ఏ బెట్టకు?

నంద్యాల, కోవెలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతముల నల్లరేగడిని తీసికొనుడు. ఆ నేల వానకాలమున నీరు త్రాగి కడుపులో దాచుకొనును. వానలు వెనుకబట్టు తరి, ఉత్తర, హస్త, చిత్త కార్తెలలో, రైతు గొర్రు కట్టి మాఘీ జొన్నయో రబీ జొన్నయో విత్తును. అది మొదలు కోతవరకు ఆకాశమునుండి వచ్చునది స్వల్పము. రాకున్నను ఆశ్చర్యము లేదు. పైరు బ్రదుకవలసినది నేలలో దాగిన తేమతోనే. ఇచట బెట్ట అతిథివలె చెప్పకుండ వచ్చునది కాదు. అప్పులవానివలె గడువు చూచుకొని, గింజ పాలు పోసికొను తరికి తప్పక వచ్చి కూర్చుండును.

పత్తికొండ, డోను, రాయచోటి ప్రాంతముల ఎర్రనేల సంగతి వేరు. ఆ నేల పలుచన. గుంటక నాలుగు వ్రేళ్లు దిగినంతనే గరుసు తగులు చేలు పెక్కులు. అది దాచుకొనగల నీరు కొలది. అచట విత్తనము వానకాలపు తొలి పదునుననే పడును. పదునైదు దినములు వాన తప్పెనా ఆకు చుట్టుకొనును. ఆ బెట్ట మొలకనాడు రావచ్చును, పొట్టనాడు రావచ్చును, రాకయే పోవచ్చును. మరల ఒక మంచి వాన కురిసినచో చచ్చినదనుకొన్న చేను లేచి నిలుచుటయు కలదు.

ఒకటి పొదుపు నేర్చిన పైరును కోరునది. రెండవది ఓర్పు గల పైరును గాని, త్వరగా ముగించుకొని పోవు పైరును గాని కోరునది. ఒక్క విత్తనమే రెండు చోట్లను గెలుచునని యెంచుట పొరపాటు. ఈ చిన్న సంగతి తెలియక పోవుటవలననే మంచి విత్తనములకు చెడ్డపేరు వచ్చినది, చెడ్డ విత్తనములు అమ్ముడు పోయినవి.

నీరు లేక పండు గింజ ఎచటను లేదు. అద్భుత విత్తనములని వ్రాయువారు చేను చూడనివారై యుందురు. పైరు ఆకునందలి సన్నని రంధ్రములద్వారా గాలిని లోనికి తీసికొనుచు, ఆ ద్వారముననే నీటిని ఆవిరిగా పోగొట్టుకొనుచుండును. గాలి కావలెనన్న నీరు వెచ్చింపవలసినదే. 1910 దాటిన తరువాత అమెరికాలో కొలరాడో రాష్ట్రమునందలి ఆక్రన్ అనుచోట బ్రిగ్స్, షాంట్జ్ అను నిరువురు శాస్త్రజ్ఞులు ఈ వెచ్చమును తూచి చూచిరి. ఒక పాలు ఎండు పదార్థము తయారగుటకు కొర్రజాతి పైరుకు 310 పాళ్లు, జొన్నకు 322 పాళ్లు నీరు పట్టెను. గోధుమకు 500 దాటెను, వరికి 700 దాటెను. కొర్ర, జొన్న, సజ్జ మొదలగునవి గాలియందలి బొగ్గుపులుసు వాయువును ఆకులో నొక చోట చేర్చి కూర్చుకొను ప్రత్యేకపు ఏర్పాటు గలవి. అందుచే ద్వారము కొంచెమే తెరచినను వానికి పని జరుగును. మెట్టసీమ పెద్దలు వరిని కాలువ క్రింది నేలకు వదలి, జొన్నను కొర్రను ఇంటి తిండిగా నెంచుకొనుట వెనుక ఈ లెక్క యున్నది. వారు దానిని వ్రాసికొనలేదు, అంతే.

వారి యెన్నిక ఎంత కఠినమైన పరీక్షకు నిలిచినదో చరిత్ర చెప్పును. 1876 మొదలు 1878 వరకు నడచిన కరవున ఈ సీమ పడిన పాట్లు ఇంకను కథలుగా వినబడుచున్నవి. 1871 జనాభా లెక్కలలో కర్నూలు జిల్లాలో 9 లక్షల పైచిలుకు జనులుండగా, 1881 నాటికి 6 లక్షల 80 వేలకు లోబడిరి. అనగా నలుగురిలో నొకరు లేకపోయిరి. అంతకు పదేండ్ల ముందు, 1866 కరవున, ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి గంజికేంద్రములు నడపి వేలమందిని బ్రదికించెనని ప్రసిద్ధి. అట్టి కరవుల పిమ్మట మరల చేలు విత్తబడినవన్న, ఏదో యొక యింట విత్తు మిగిలియున్నదన్న మాట. ఆకలితో పడుకొనుచును విత్తనపు కంకిని దంచుకొనని యిల్లు.

ఆ విత్తనపు కంకి ఎట్లు ఎన్నుకొనబడెడిది? కోతకు ముందు చేనిలో తిరిగి, చుట్టుప్రక్కల వాడినచోట తాను వాడక నిలిచిన మొక్కను గుర్తించి, దాని కంకిని వేరుగ కోసి, త్రాట గ్రుచ్చి, పొయ్యి పొగ తగులునట్లు వాసమునకు వ్రేలాడగట్టుట. తరతరములుగా ఈ యేరుడు జరుగగా ఒక్కొక్క ప్రాంతమునకు ఒక్కొక్క జొన్న స్థిరపడినది. వానిలో పెక్కింటికి ఒక విచిత్రమగు గుణము కలదు. పగటి నిడివి తగ్గినగాని అవి పూతకు రావు. కొంత ముందు విత్తినను, కొంత వెనుక విత్తినను, వానలు ముగియు వేళకే పూయును. గింజ పొడివేళలో గట్టిపడును. గడియారము లేని చేనికి మొక్కలోనే గడియారము పెట్టినట్లు! ఈ గుణము విలువ, దానిని పోగొట్టుకొన్న తరువాత గాని శాస్త్రజ్ఞులకు సయితము పూర్తిగా తెలియలేదు. ఆ కథ ముందు రాగలదు.

నంద్యాలలో వ్యవసాయ క్షేత్రము 1906లో ఏర్పడినది. ఈ రెండు జిల్లాలును నాడు మదరాసు రాజధానిలోనివి. చిరుధాన్యముల కొరకు కోయంబత్తూరున ప్రత్యేక కేంద్రము 1923లో వెలయగా, జి. ఎన్. రంగస్వామి అయ్యంగారు దానికి నాయకుడై జొన్న, కొర్ర మొదలగు వాని గుణముల వారసత్వమును మిక్కిలి శ్రద్ధతో పరిశీలించిరి. ఆనాటి పద్ధతి సులభముగా కనబడును. రైతుల చేలనుండి కంకులు తెచ్చుట, ఒక్కొక్క కంకి గింజలను ఒక్కొక్క సాలుగా విత్తుట, సాళ్లలో మేలైన దానిని మాత్రము నిలుపుకొనుట, మరుసటి యేడు మరల అట్లే చేయుట. రైతు వందలయేండ్లు చేసినదే ఇది. అయితే రైతు కంకులన్నింటిని కలిపి దంచును, పరిశోధకుడు వేరు వేరుగా వంశము వ్రాసికొనును. 1930 దశకమున మహారాష్ట్రమందలి మోహోలులో స్థానికమగు మాల్దండి జొన్ననుండి ఇట్లే యేర్పడిన ఎం. 35-1 అను రకము నేటికిని దక్కను పీఠభూమి రబీ జొన్నలలో ప్రధానమైనది. తొంబదియేండ్లకు చేరువైనను దానిని దాటుట కష్టమగుచున్నది. నంద్యాలలో తరువాతి కాలమున వెలువడిన తెల్లజొన్నలు ఎన్. టి. జె. అను గుర్తుతో ఈ సీమ రైతులకు పరిచితములే.

స్వాతంత్ర్యానంతరము దేశమునకు తిండిగింజల కొరత గొప్పదై యుండెను. 1964లో సి. ఎస్. హెచ్-1 అను తొలి సంకర జొన్న విడుదల యయ్యెను. పుప్పొడి లేని అమెరికా తల్లిరకమును తెచ్చి, దానిపై వేరొక రకము పుప్పొడి పడునట్లు చేసి పుట్టించినది. మొక్క పొట్టిది, సుమారు నూరు దినములకే పండునది, గింజ రాబడి నాటుజొన్నకంటె చాల యెక్కువ. బెట్ట రాకముందే పంట యింటికి చేరునని అందరును సంతోషించిరి. కాని పగటి నిడివితో నిమిత్తము లేని ఆ మొక్క, జూన్‌లో విత్తగా, సెప్టెంబరు వానలలోనే గింజ గట్టిపరచుకొనెను. వాన తడిపిన గింజకు బూజు పట్టి నల్లబడెను. నల్లజొన్నకు అంగడిలో ధర లేదు, రొట్టెకు రుచి లేదు. బెట్టనుండి పరుగెత్తి వానకు చిక్కుట యన్న నిదియే. మొవ్వు నాశనము చేయు ఈగయు దానిని విశేషముగా పట్టెను. ఆ సంకరము చెడ్డదని యిట చెప్పుట కాదు. దేశమున పలుచోట్ల అది జొన్న రాబడిని లేపినది. పూర్వపు జొన్నలోని గడియారమును తీసివేసినప్పుడు దానితోబాటు ఏమేమి పోవునో ముందుగా లెక్కించినవారు లేరని మాత్రమే తాత్పర్యము.

ఇక నల్లరేగడి పొదుపు సంగతి. ఈ సీమలో పూర్వము జొన్నలు పాతరలో పోసెడివారు. పాతర నిండియున్న నెలలో రెండు పూటలు రొట్టెలు కాల్చి, పండుగలు చేసి, చివరి నెలలకు అడుగంటజేసిన యిల్లు ఒకటి. మొదటినుండియు కొలతగా తీసి, క్రొత్త పంట వచ్చువరకు గింజ నిలుపుకొన్న యిల్లు మరియొకటి. జొన్న మొక్కలలోను ఇట్టి రెండు తెగలు కలవు. మొదటి తెగ విశాలమైన ఆకులు వేసి, పిలకలు వేసి, పూతకు రాకముందే నేలలోని తేమను త్రాగివేయును. గింజ నిండు తరికి పాతర ఖాళీ. ఆకులు క్రిందినుండి ఎండుచు వచ్చును, కాండములోని సారమంతయు కంకికి పోవగా మొదలు బోలుపడి, కుళ్లు తెగులు సోకి, గాలికి చేను పడిపోవును. రెండవ తెగ పిలకలు తక్కువ, పై ఆకులు చిన్నవి. చూపునకు అంత పొంకముగా నుండదు. అయితే గింజ నిండువరకు దాని ఆకు పచ్చగానే నిలుచును.

ఈ పచ్చగా నిలుచు గుణమునకు మిక్కిలి ప్రసిద్ధమైన మూలము ఇథియోపియా దేశపు జొన్న. దానినుండి అమెరికాలో టెక్సాసు శాస్త్రజ్ఞులు బి-35 అను వంశమును నిలిపిరి. ఆ గుణమును మోయు ముఖ్యభాగములు నాలుగు, మొక్క జన్యుపటమున ఎచటెచట నున్నవో గుర్తింపబడినవి. ఆస్ట్రేలియాలోని క్వీన్సులాండు ప్రాంతమున ఆండ్రూ బొరెల్, ఆయన తోడివారు ఆ భాగములు చేయు పని యేమో విప్పి చూపిరి. 1972లో హైదరాబాదు చెంత పటాన్‌చెరువున వెలసిన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనా సంస్థలో, ఈ దేశపు రబీ జొన్నలలోనికి ఆ భాగములను ఒక్కొక్కటిగా ఎక్కించి చూచిరి. అచట 2 మీటర్ల నిడుపు గొట్టములలో మట్టి నింపి, గొట్టమునకొక మొక్కను పెంచి, గొట్టమును ఎత్తి త్రాసున తూచుచు, మొక్క ఏ వారమున ఎంత నీరు త్రాగినదో లెక్కవేసిరి. బెట్టలో గింజ నింపిన మొక్కలు మొత్తముమీద మిగిలినవానికంటె ఎంతో యెక్కువ నీరు త్రాగినవి కావు. పూతకు ముందు తక్కువ త్రాగి, పూత పిమ్మట త్రాగుటకు కొంత మిగిల్చినవి. పాతర ఇల్లాలి లెక్కయే!

అయితే ఈ పొదుపునకు ఒక వెల కలదు. వానలు బాగుగా కురిసిన యేట, విశాలమగు ఆకు గలదే యెక్కువ పండును. పొదుపరి మొక్క వెనుకబడును. పత్తికొండ ఎర్రనేలలో ఈ గుణము అంతగా పనికిరాదు కూడ. పాతరయే లోతు లేనిచోట దాచుట యెక్కడ?

ఎర్రనేలకు కొర్ర యున్నది. కందితో కలిపి, ఐదు సాళ్ల కొర్రకు ఒక సాలు కంది వేయుట ఇచట మెచ్చబడిన పద్ధతి. కొర్ర మూడు నెలలలోపే యింటికి వచ్చును. కంది నిలిచి, వెనుకటి వానలను పట్టుకొనును. ఒకటి తప్పిన నొకటి. కాని కొర్రలో క్రొత్త రకము పుట్టించుట ఓపిక గలవారి పని. దాని పూవు ఆవగింజ యంత యుండదు. అది రాత్రివేళను, తెల్లవారుజామునను విచ్చును; తన పుప్పొడి తనపైననే పడవేసికొనును. రెండు రకములను కలుపవలెనన్న, ఆ పూవులోని పుప్పొడి తిత్తులను ముందుగా తీసివేయవలెను, లేదా కంకిని తగిన వేడినీట ముంచి పుప్పొడిని చంపవలెను. నిద్ర మాని భూతద్దముతో చేసిన పనిలో సగము గింజలు పట్టవు.

నంద్యాల పరిశోధనాస్థానము ఈ పనిలో దేశమునకే పెద్దదిక్కుగా నిలిచినది. కృష్ణదేవరాయ, నరసింహరాయ, శ్రీలక్ష్మి అని ముచ్చటైన పేర్లు పెట్టిన రకములు అచటివే. ఎస్. ఐ. ఎ. 3085 అను రకము 80, 85 దినములలో పండి, ఆంధ్రదేశపు ఎల్లలు దాటి దేశమున చాలచోట్ల వ్యాపించినది. సూర్యనంది అంతకు పది దినములు ముందే కోతకు వచ్చును. ఇటీవలి గరుడ కేవలము రెండు నెలలకే ముగియును. ఇంకొకదానికి రేనాడు అని పేరిడిరి. తొలి తెలుగు శాసనములు వ్రాయబడిన ఈ గడ్డ పాతపేరు ఒక కొర్రవిత్తునకు దక్కుట సముచితముగానే యున్నది.

రెండు నెలల కొర్ర వలన మేలేమి? మృగశిర, ఆరుద్రలు తప్పి, ఆగస్టు నడుమ గాని పదును కాని యేట, తొంబదిదినముల రకము విత్తినచో దాని గింజ నిండు తరికి వానలు వెనుకబట్టును. అరువది దినములది ఆలోపుననే ముగియును. అయితే అది బ్రదికిన దినములు తక్కువ. కావున మంచి యేట దాని గింజయు తక్కువ, గడ్డియు తక్కువ. ఏటేట దానినే విత్తువాడు మంచి యేళ్ల ఫలమును వదులుకొనుచున్నవాడు. రెండు తెగల విత్తును ఇంట నుంచుకొని, వాన వచ్చిన కార్తెను బట్టి యేది గొర్రున పోయవలెనో నిశ్చయించుకొనుట మేలు.

చొప్ప మాట యెత్తక ఈ ప్రసంగము సాగదు. కరవు యేట గింజకంటె ముందు చొప్పకు కటకటలాడుదురు. పశువులు సంతకు తోలబడునది చొప్ప లేకనే. సంకరములు వచ్చిన తొలినాళ్లలో గింజ తూనికయే తూనిక యైనది, రైతు పొట్టిజొన్నను చూచి "ఎద్దుకేమి వేయుదును?" అని యడిగిన, అది అజ్ఞానమని తలచినవారుండిరి. నేడు పరిశోధకులు చొప్పను గూడ తూచుచున్నారు, పశువు దానిని ఎంత అరిగించుకొనునో పరీక్షించుచున్నారు. అడిగినవాడు అజ్ఞాని కాడని తేలినది.

పరిశోధకుని కష్టమును గూడ గ్రహింపవలెను. బెట్టకు నిలుచు మొక్కను ఎన్నుకొనవలెనన్న బెట్ట రావలెను. అది అతని కోరికను బట్టి రాదు. నీటి వసతి గల క్షేత్రమున మంచి యేట గెలిచిన రకము, ఎండిన చేనిలో చివరకు రావచ్చును. కావున ఋతువు తప్పించి పొడి నెలలలో విత్తి, తగిన తరికి నీరు ఆపి చూతురు. లేదా వాన కురియునప్పుడు చేనిపై కప్పు జరుగు ఏర్పాటు చేయుదురు. ఎండిన నేలలో అడుగడుగునకు తేమ భేదము. ఈ మొక్క నిలిచినది తన గుణముచేతనా, దానిక్రింద మట్టి లోతుగా నుండుటచేతనా? ఒక్క చేని ఒక్క యేటి సాక్ష్యముతో తీర్పు చెప్పరాదు. పలుచోట్ల, పలు యేళ్లు చూడవలెను. ఒక విత్తనము పుట్టుటకు పది సంవత్సరములు పట్టుట యిందుచేతనే.

ఇంత శ్రమతో పుట్టిన విత్తనమునకు చేను మిగులునా యనునది నేటి ప్రశ్న. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చిన పిమ్మట బీదయింట సయితము వరియన్నము నిత్యమైనది. దానిని తప్పుపట్టువాడు ఆకలి యెరుగనివాడు. కాని సంగటి, రొట్టె, కొర్రన్నము వెనుకబడినవి. ఎర్రనేలలను వేరుసెనగ ఆక్రమించినది. నల్లరేగడిలో జొన్న విత్తు చోట్ల శనగ వచ్చినది, జె. జి. 11 వంటి త్వరగా పండు శనగలు బెట్టను తప్పించుకొనునవే, ధర పలుకునవే. రైతు చేసినది లెక్క తప్పిన పని కాదు. 2018ని ఈ దేశమును, 2023ని ప్రపంచమును చిరుధాన్యముల సంవత్సరముగా జరిపిన తరువాత పట్టణములలో కొర్రకు గిరాకి వచ్చినది. ఆ ధరలో చేనివానికి చేరునది యెంత యనునది వేరొక ప్రసంగమునకు తగిన విషయము.

అయితే చేను మారినప్పుడు ఇంటి విత్తు పోవును. విత్తనము పుస్తకము వంటిది కాదు. బీరువాలో పెట్టి యిరువదియేండ్ల తరువాత తీసినచో మొలవదు. పటాన్‌చెరువు సంస్థ శీతలగృహములలో నలువదివేలకు పైగా జొన్నల నమూనాలు భద్రముగా నున్నవి. అది గొప్ప ధనము. కాని చలిపెట్టెలో నున్న గింజ ఏ యేటి బెట్టను చూడదు. చేనిలో నున్నదే మారుచు, నేర్చుచు నుండును.

ఇంట విత్తు నిలుపుకొనగోరు వారికి ఒకటి రెండు సంగతులు. కొర్ర తన పుప్పొడినే తాను గైకొనును. ప్రక్క చేనితో అంతగా కలియదు. కావున మంచి కంకులనేరి దాచినచో రకము చెడదు. జొన్న కొంతవరకు కలియును. చేను నడుమనుండి కంకులు తీసికొనుట మేలు. సజ్జ పూర్తిగా పరాగమును నమ్ముకొన్నది, దూరపు చేనినుండియు పుప్పొడి తెచ్చుకొనును. దానిని శుద్ధముగా నిలుపుట ఒక్క రైతు వలన కాదు, ఊరంతయు ఒక్కరకమే వేయవలెను. సంకర విత్తనముల గింజను మరల విత్తిన మొక్కలు ఒక తీరుగా నుండవు. అది అంగడిలో ఏటేట కొనవలసినదే.

గ్రంథాలయములో వార్తాపత్రికల బల్లమీద ఒక వ్రాతపుస్తకమునకు చోటుండవచ్చును. వాన కొలుచు పాత్ర వెల యెక్కువ కాదు. ఏ తేదీన, ఏ కార్తెలో ఎన్ని మిల్లీమీటర్లు కురిసినది, ఎవరి చేనిలో ఏ నేలలో ఏ రకము ఎన్నడు విత్తినది, ఎన్నడు పూసినది, ఆకు వాడిన దినములెన్ని, ఎకరమునకు గింజ యెన్ని బస్తాలు, చొప్ప యెన్ని మోపులు. ఒక ప్రక్క నల్లరేగడి చేలు, ఒక ప్రక్క ఎర్రనేల చేలు వేరుగ గీత గీసికొనవలెను. పదియేండ్లు నిండిన ఆ పుస్తకము నంద్యాల పరిశోధకుని చేతికి ఇచ్చినచో, అతడు తన క్షేత్రమున కూర్చుండి కనుగొనలేనిది అందులో చదువుకొనును.